యజమాని మనసుకు సాక్ష్యం: ఉద్యోగ వివక్ష చట్టంలో రుజువు భారం

ఉద్యోగంలో వివక్షను నిషేధించే శాసనాలు చదవడానికి సులువుగానే ఉంటాయి. అమెరికాలో 1964 నాటి పౌర హక్కుల చట్టంలోని ఏడవ అధ్యాయం జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం అనే ఐదింటిలో దేని కారణంగానైనా ఒక మనిషిని ఉద్యోగంలోకి తీసుకోకపోవడం, తీసివేయడం, జీతభత్యాల్లో తక్కువ చేయడం చెల్లదని చెబుతుంది. భారత రాజ్యాంగంలోని 16వ అధికరణ ప్రభుత్వోద్యోగాల విషయంలో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం అనే కారణాలను ఇంచుమించు అదే తీరున తోసిపుచ్చుతుంది. ఈ వాక్యాలు చదివిన విద్యార్థికి చట్టం బోధపడినట్టే ఉంటుంది గానీ, న్యాయస్థానంలో కష్టమంతా ఆ వాక్యాలు ముగిసిన తరువాతే మొదలవుతుంది. ఫలానా కారణంగా అని శాసనం అంటుంది. ఆ కారణం ఉండేది నిర్ణయం తీసుకున్న మనిషి మనసులో, ఆ నిర్ణయానికి సంబంధించిన కాగితాలు ఉండేది యాజమాన్యం బీరువాలో, నిరూపించవలసిన బాధ్యత మాత్రం ఆ రెండింటినీ ఎన్నడూ చూడని వాదిది.

అందువల్ల ఈ చట్టాన్ని అధ్యయనం చేయడమంటే సమానత్వ సిద్ధాంతాలను వల్లె వేయడం కన్నా ముందు, ఎవరు ఎవరికి ఏ దశలో సంజాయిషీ చెప్పుకోవాలో న్యాయస్థానాలు ఎలా నిర్ణయిస్తూ వచ్చాయో గమనించడమేనన్నది ఈ ఉపన్యాసం చేసే వాదన. ఒక అంశం అటో ఇటో తేలకుండా మిగిలిపోయినప్పుడు ఏ పక్షం ఓడిపోవాలో చెప్పే నియమాన్నే రుజువు భారం అంటారు. వివక్ష కేసుల్లో అంశాలు తేలకుండా మిగలడమే పరిపాటి కాబట్టి, గెలుపోటములను చాలావరకు ఆ నియమమే నిర్ణయిస్తుంది. కారంచేడు హత్యాకాండ తరువాత 1985లో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదులుకొని బాధితుల పక్షాన నిలిచిన బొజ్జా తారకం (1939–2016) స్మృతిలో ఈ అంశాన్ని ఎంచుకోవడానికి కారణం లేకపోలేదు. జరిగిన అన్యాయం ఊరందరికీ తెలిసినా న్యాయస్థానంలో నిలబెట్టడం ఎంత కష్టమో ఆయన వృత్తిజీవితమంతా ఎరిగిన విషయం.

ముందుగా అమెరికా తీర్పులను పరిశీలించడానికి కారణం ఆ దేశం సమానత్వంలో ముందుందని కాదు. ఏడవ అధ్యాయం అమలులోకి వచ్చిన 1965 జూలై 2 నుంచి అక్కడ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ పేరుకున్నంత న్యాయసాహిత్యం మరెక్కడా లేకపోవడం, వాటిలో ఒక తీర్పును భారత సుప్రీంకోర్టు తన తర్కంలోకి తీసుకోవడం, ఆ చట్టం కింద వాదులుగానూ ప్రతివాదులుగానూ నిలబడేవారిలో ఇవాళ తెలుగువారు కూడా ఉండటం ఇందుకు కారణాలు.

ఆ తేదీనే ఉత్తర కరొలైనాలోని డ్రేపర్ వద్ద ఉన్న డ్యూక్ పవర్ కంపెనీ విద్యుత్ కేంద్రం ఒక కొత్త నిబంధన తెచ్చింది. అప్పటిదాకా అక్కడ నల్లజాతివారిని ఐదు విభాగాల్లో ఒక్క కూలి విభాగానికే పరిమితం చేశారు. ఆ విభాగంలో అత్యధిక జీతం మిగిలిన నాలుగు విభాగాల్లోని అత్యల్ప జీతం కన్నా తక్కువగా ఉండేది. చట్టం అమలులోకి వచ్చిన రోజునే కంపెనీ ఆ గీతను తుడిచేసి, మంచి విభాగాల్లో కొత్తగా చేరాలంటే హైస్కూలు పట్టాతో పాటు వండర్‌లిక్, బెనెట్ అనే రెండు రాత పరీక్షల్లో ఉత్తీర్ణత ఉండాలని షరతు పెట్టింది. షరతు అందరికీ ఒక్కటే, అందులో జాతి ప్రస్తావన లేదు. అయితే 1960 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో శ్వేతజాతి పురుషుల్లో 34 శాతం మంది హైస్కూలు పూర్తి చేయగా, నల్లజాతి పురుషుల్లో 12 శాతమే పూర్తి చేశారు. ఆ కేంద్రంలోని 95 మంది ఉద్యోగుల్లో 14 మంది నల్లజాతివారు కాగా వారిలో 13 మంది వేసిన గ్రిగ్స్ కేసులో 1971 మార్చిలో ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ ఏకగ్రీవ తీర్పు రాశారు. యజమాని ఉద్దేశం ఏదైనప్పటికీ, ఒక షరతు ఒక వర్గాన్ని ఎక్కువగా వడగట్టి పారేస్తున్నప్పుడు, ఆ షరతుకూ చేయవలసిన పనికీ సంబంధం ఉందని చూపవలసినది యజమానే అని న్యాయస్థానం నిర్ణయించింది. పట్టా లేకుండా అంతకుముందు చేరినవారు అవే పనులను చక్కగా చేస్తూ ఉండటం కంపెనీ వాదనను లోపలినుంచే కూలదోసింది. అసమాన ప్రభావం, లేదా పరోక్ష వివక్ష, అని ఇప్పుడు పిలిచే సూత్రం ఇలా పుట్టింది. దాని శక్తి నైతికమైనది అనుకోవడం పొరపాటు. యజమాని మనసులోకి తొంగి చూడవలసిన అవసరాన్ని తప్పించి, అంకెలతో మొదలై సంజాయిషీతో ముగిసే రుజువు మార్గాన్ని తెరవడమే దాని శక్తి.

ఉద్దేశపూర్వక వివక్షకు మాత్రం అటువంటి మార్గం అప్పటికి లేదు. దాన్ని ఏర్పరచినది 1973 నాటి మెక్‌డొనెల్ డగ్లస్ కేసు. అందులోని వాది పెర్సీ గ్రీన్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేరుగా మాత్రమే మిగిలిపోవడం విచారకరం. సెయింట్ లూయిస్‌లోని విమాన కర్మాగారంలో 1956 నుంచి మెకానిక్‌గా పనిచేసిన ఈ నల్లజాతి యువకుడు పౌర హక్కుల ఉద్యమకారుడు. నగరంలో కడుతున్న గేట్‌వే ఆర్చ్ నిర్మాణంలో నల్లజాతి కార్మికులకు పని ఇవ్వడం లేదని 1964 జూలైలో సగం కట్టిన ఆ కట్టడాన్ని ఎక్కి నిరసన తెలిపాడు. ఆగస్టులో కంపెనీ సిబ్బంది తగ్గింపులో అతడి ఉద్యోగం పోయింది. అది జాతి వివక్షేనని నమ్మిన గ్రీన్ తోటి ఉద్యమకారులతో కలిసి పొద్దుటి షిఫ్టు వేళ కర్మాగారానికి వెళ్లే దారుల్లో కార్లు అడ్డంపెట్టి, అందుకు జరిమానా కూడా కట్టాడు. మరుసటి ఏడాది జూలైలో కంపెనీ మెకానిక్‌లు కావాలని ప్రకటన ఇచ్చినప్పుడు దరఖాస్తు చేస్తే, దారి అడ్డగించిన చర్యల కారణంగా తీసుకోబోమని సమాధానం వచ్చింది.

ఈ కేసులో న్యాయమూర్తి లూయిస్ పావెల్ రాసిన తీర్పు రుజువును మూడు మెట్లుగా విడగొట్టింది. వాది మొదట నాలుగు సంగతులు చూపాలి: తాను రక్షణ పొందిన వర్గానికి చెందినవాడినని, ఖాళీ ఉన్న ఉద్యోగానికి అర్హతతో దరఖాస్తు చేశానని, అయినా తిరస్కరించారని, ఆ తరువాత కూడా అదే అర్హత ఉన్నవారి కోసం యజమాని వెతుకుతూనే ఉన్నాడని. ఇవి చూపితే ప్రథమ దృష్ట్యా కేసు, అంటే ఎదుటిపక్షం నోరు విప్పకపోతే వాది గెలవడానికి చాలినంత ఆధారం, ఏర్పడినట్టు. అప్పుడు యజమాని వివక్షతో సంబంధం లేని ఒక న్యాయమైన కారణం చెప్పాలి. చెప్పిన తరువాత, ఆ కారణం సాకు మాత్రమేనని చూపే అవకాశం వాదికి తిరిగి వస్తుంది. అటువంటి ఆందోళనల్లోనే పాల్గొన్న శ్వేతజాతి ఉద్యోగులను కంపెనీ తిరిగి తీసుకున్నదా అన్నది పావెల్ ప్రత్యేకంగా ఎత్తి చూపిన ప్రశ్న. పోల్చదగిన మరో ఉద్యోగిని ఎలా చూశారన్నది ఆనాటి నుంచి వివక్ష కేసుల్లో ప్రధానమైన సాక్ష్యమైంది.

మొదటి మెట్టును అతి తేలికగా ఉంచడంలోనే ఈ పద్ధతి తెలివి ఉంది. అర్హుడైన మనిషిని కాదన్నప్పుడు సాధారణంగా ఏదో ఒక కారణం ఉంటుంది. అర్హత లేకపోవడం, ఖాళీ లేకపోవడం అనే రెండు మామూలు కారణాలను వాది తొలగించగలిగితే, మూడవది ఏమిటో తెలిసిన ఏకైక వ్యక్తి యజమాని కనుక, అతడి చేత ఆ మాట పలికించడమే ఈ పద్ధతి లక్ష్యం. ఒకసారి పలికిన కారణం రికార్డులోకి ఎక్కుతుంది, దాన్ని తరువాత మార్చడం కష్టం. జవాబు పత్రంలో ఒక కారణం, సాక్షి వాంగ్మూలంలో ఇంకొకటి, తొలగింపు ఉత్తరంలో మూడవది ఉండగా, వివక్ష ఉందని న్యాయస్థానం ఊహించడానికి వేరే సాక్ష్యం పెద్దగా అక్కర్లేదు. అమెరికాలో ఈ రంగంలో పనిచేసే న్యాయవాదులు అన్నిటికన్నా ముందు వెతికేది ఈ తేడాల కోసమే. విచారణకు ముందే ఎదుటిపక్షం పత్రాలను, ఈమెయిళ్లను రప్పించుకొని, సంబంధిత అధికారులను ప్రమాణం మీద ప్రశ్నించే హక్కును అక్కడి సివిల్ ప్రక్రియ ఇస్తుంది. ఆ హక్కు లేకపోతే మూడు మెట్ల పద్ధతి కాగితం మీదే ఉండిపోయేది. ఇంతటి పద్ధతికి కారణమైన గ్రీన్ మాత్రం కింది కోర్టుకు తిరిగి వెళ్లిన కేసులో ఓడిపోయాడు. అతడి ఆందోళనే అసలు కారణమని ఆ కోర్టు నమ్మింది.

తరువాతి 20 ఏళ్ల కథ ఈ మెట్ల మీద బరువును అటూ ఇటూ జరపడమే. 1981 నాటి బర్డీన్ తీర్పు యజమాని కారణం చెబితే చాలు, నిరూపించనక్కర్లేదని, నమ్మించే భారం ఆసాంతం వాదిదేనని స్పష్టం చేసింది. 1993లో సెయింట్ మేరీస్ ఆనర్ సెంటర్ కేసు ఇంకా ముందుకు వెళ్లింది. సంస్కరణ కేంద్రంలో పనిచేసిన మెల్విన్ హిక్స్ అనే నల్లజాతి అధికారిని తొలగించడానికి యాజమాన్యం చెప్పిన కారణాలు అబద్ధమని విచారణ న్యాయమూర్తి తేల్చారు గానీ, అసలు కారణం జాతి కాక వ్యక్తిగత వైరం కావచ్చునన్నారు. యాజమాన్యం కూడా చెప్పని ఆ కారణాన్ని ఆయన స్వయంగా సమకూర్చినట్టయింది. సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో దానిలో తప్పు లేదంది. అబద్ధం పట్టుబడినంత మాత్రాన వాది గెలిచినట్టు కాదన్న ఈ నిర్ణయంలో తర్కం లేకపోలేదు, ఎందుకంటే చట్టం నిషేధించినది వివక్షను గాని అబద్ధాన్ని కాదు. అయినా ప్రమాణం చేసి అబద్ధమాడిన పక్షానికి అందులోనుంచే ప్రయోజనం కలగడం న్యాయబుద్ధికి రుచించేది కాదని చెప్పక తప్పదు. 2000లో రీవ్స్ కేసు కొంత సర్దుబాటు చేసింది. మిసిసిపీలో మరుగుదొడ్డి సీట్లు తయారు చేసే కంపెనీలో 40 ఏళ్లు పనిచేసి 57వ ఏట హాజరు పుస్తకాల తప్పుల పేరుతో ఉద్యోగం పోగొట్టుకున్న రోజర్ రీవ్స్ విషయంలో, ప్రథమ దృష్ట్యా కేసుకు యాజమాన్యపు అబద్ధం తోడైతే జూరీ వివక్షను నిర్ధారించడానికి అది సరిపోవచ్చునని న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ రాశారు. సరిపోతుంది అనడానికీ సరిపోవచ్చు అనడానికీ మధ్య ఉన్న దూరంలో ఎన్నో కేసులు గెలిచాయి, ఎన్నో ఓడాయి.

మనసులో కారణం ఒక్కటే ఉండాలని లేదు. ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలో 1982లో భాగస్వామ్యానికి ప్రతిపాదించిన 88 మందిలో ఏకైక మహిళ అయిన ఆన్ హాప్కిన్స్ విదేశాంగ శాఖ నుంచి సంస్థకు పెద్ద కాంట్రాక్టు తెచ్చిన వ్యక్తి. అప్పటికి సంస్థలోని 662 మంది భాగస్వాముల్లో మహిళలు ఏడుగురే. ఆమె దురుసు మనిషి అని కొందరు ఫిర్యాదు చేశారు, అందులో నిజమూ ఉండవచ్చు. అయితే నడకలో, మాటలో, దుస్తుల్లో ఆడతనం కనబరచాలని, అలంకరించుకోవాలని, నగలు పెట్టుకోవాలని ఆమెకు సలహా ఇచ్చినది కూడా ఆ సంస్థ భాగస్వామే. న్యాయమైన కారణమూ అన్యాయమైన కారణమూ కలిసి ఉన్న ఇటువంటి నిర్ణయాన్ని మిశ్రమ ఉద్దేశం అంటారు. 1989లో సుప్రీంకోర్టు, లింగభేదం నిర్ణయంలో పాత్ర వహించిందని వాది చూపితే, అది లేకపోయినా ఇదే నిర్ణయం తీసుకునేవాళ్లమని నిరూపించే భారం యజమాని మీదికి మారుతుందని చెప్పింది. పార్లమెంటుకు సమానమైన అక్కడి కాంగ్రెస్ 1991 సవరణతో, నిషిద్ధ కారణం ప్రేరకాల్లో ఒకటైనా చాలు, చట్ట ఉల్లంఘన జరిగినట్టే, ఎలాగూ అదే నిర్ణయం తీసుకునేవాళ్లమన్నది పరిహారాన్ని తగ్గించడానికి మాత్రమే పనికి వస్తుందని శాసనంగా రాసింది. వయసు వివక్ష చట్టానికి ఈ మెరుగుదల వర్తించదని 2009లో గ్రాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చడంతో, ఒకే కార్యాలయంలో ఒకే తీరు అన్యాయానికి గురైన ఇద్దరిలో వయసు కారణంగా నష్టపోయినవారికి రుజువు బరువెక్కువ, లింగం కారణంగా నష్టపోయినవారికి తక్కువ అనే వింత స్థితి ఇప్పటికీ కొనసాగుతోంది.

వ్యక్తి కథ చాలనిచోట అంకెలు సాక్ష్యం చెబుతాయి. 1977 నాటి టీమ్‌స్టర్స్ కేసులో సరుకు రవాణా కంపెనీకి ఉన్న 1,828 మంది దూరప్రాంత డ్రైవర్లలో నల్లజాతివారు 8 మంది, స్పానిష్ ఇంటిపేర్లున్నవారు ఐదుగురు. ఆ 8 మందినీ కూడా దావా మొదలైన తరువాతే తీసుకున్నారు. ఈ అంకెల పక్కన 40 పైగా సంఘటనల గురించి బాధితుల సాక్ష్యాలు చేరేసరికి వివక్ష ఆ కంపెనీ నిత్య పద్ధతి అని నిర్ధారణ అయింది. అయితే అంకె దానంతట అది మాట్లాడదు, దేనితో పోలుస్తున్నామన్నది దాన్ని మాట్లాడిస్తుంది. అదే ఏడాది హేజెల్‌వుడ్ పాఠశాలల కేసులో నల్లజాతి ఉపాధ్యాయులు 2 శాతం లోపే ఉన్నారు; అర్హులైన ఉపాధ్యాయుల జనాభాలో సెయింట్ లూయిస్ నగరాన్ని కలుపుకుంటే వారి వాటా 15.4 శాతం, కలుపుకోకపోతే 5.7 శాతం. నగరాన్ని లెక్కలో చేర్చాలా వద్దా అన్న భౌగోళిక ప్రశ్న మీదే వివక్ష ఉందా లేదా అన్న న్యాయప్రశ్న ఆధారపడింది. న్యాయశాస్త్ర విద్యార్థికి సాంఖ్యక శాస్త్రం ఎందుకని ప్రశ్నించేవారికి ఈ ఒక్క తీర్పు చాలు.

ఈ అంకెల రుజువుతో తెలుగువారికి ఉన్న సంబంధం పరోక్షమైనది కాదు. హైదరాబాదు, విశాఖపట్నాల నుంచి వేలాది ఇంజనీర్లను అమెరికాకు పంపిన సమాచార సాంకేతిక కంపెనీల మీద, భారతీయులకు మొగ్గు చూపి ఇతరులను పక్కనపెడుతున్నారని ఏడవ అధ్యాయం కింద దావాలు నడిచాయి. 2018లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ జూరీ టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ పక్షాన తీర్పు చెప్పగా, 2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ జూరీ కాగ్నిజెంట్ విషయంలో భారతీయేతరుల పట్ల వివక్ష నిత్య పద్ధతిగా సాగిందని నిర్ధారించింది. రక్షణ కోరేవారు ఎప్పుడూ ఒకే వర్గం కారని, చట్టంలోని ‘వ్యక్తి’ అన్న మాటకు మెజారిటీ మైనారిటీ భేదం లేదని 2025 జూన్‌లో ఏమ్స్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పిన దానికి ఇది ముందుమాట వంటిది. ఆ కేసులోనే న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ మెక్‌డొనెల్ డగ్లస్ మెట్ల పద్ధతినే ప్రశ్నించడం వల్ల దాని భవిష్యత్తు మీద చర్చ మళ్లీ మొదలైంది.

కులం విషయానికి వచ్చేసరికి ఈ పద్ధతికి ఊహించని చిక్కు ఎదురవుతుంది. 2020లో కాలిఫోర్నియా రాష్ట్ర సంస్థ సిస్కో కంపెనీ మీద, ఇద్దరు పైఅధికారుల మీద దళిత ఇంజనీరు పట్ల కుల వివక్ష చూపారని దావా వేసింది. 2023లో ఆ ఇద్దరి మీద దావాను ఉపసంహరించుకొని కంపెనీ మీద కొనసాగించింది. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను పేరు పెట్టి నిషేధించగా, కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ గావిన్ న్యూసమ్ అదే ఏడాది అక్టోబరులో, ఉన్న చట్టాలు చాలునంటూ తిప్పి పంపారు. చట్టంలో కులం పేరు ఉన్నా లేకపోయినా రుజువులో ఒక ప్రశ్న తప్పదు: నిర్ణయం తీసుకున్న వ్యక్తికి బాధితుడి కులం తెలుసా? మెక్‌డొనెల్ డగ్లస్ పద్ధతి జాతి కంటికి కనబడుతుందన్న ఊహ మీద నిలిచింది. వాది ఏ వర్గమో యజమానికి తెలియదన్న వాదన అక్కడ అరుదు. కులం కంటికి కనబడదు, అడిగి తెలుసుకోవలసినది. ఇంటిపేరు అడగడం, ఏ ఊరు, ఊళ్లో ఏ వైపు అని అడగడం, పెళ్లి సంబంధాల కబుర్లలోంచి బంధుత్వాలు కూపీ తీయడం తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ ఈ కబుర్లలో ఏ ఒక్కటీ కార్యాలయపు ఫైలులో ఉండదు. అమెరికా జూరీ ముందు వీటి అర్థం విప్పి చెప్పాలంటే సమాజశాస్త్రవేత్తను నిపుణ సాక్షిగా పిలవవలసిందే. హాప్కిన్స్ కేసులో మూసభావాల గురించి మనస్తత్వశాస్త్రవేత్త సుసాన్ ఫిస్క్ ఇచ్చిన సాక్ష్యం అందుకు పూర్వోదాహరణ.

భారతదేశంలో కథ వేరే వైపు నుంచి మొదలైంది. 1974 నాటి ఇ.పి. రాయప్ప తీర్పును ప్రతి న్యాయకళాశాలలో చదువుతారు. సమానత్వమూ నిరంకుశత్వమూ పరస్పర శత్రువులని న్యాయమూర్తి పి.ఎన్. భగవతి చెప్పిన సూత్రం ఎక్కడ చూసినా కనబడుతుంది. అదే తీర్పులో దురుద్దేశాన్ని ఆరోపించేవారి మీద రుజువు భారం ఎంతో బరువైనదని కూడా ఉంది, తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉండి బదిలీ అయిన ఆ వాది ఆ బరువు మోయలేక ఓడిపోయాడన్నదీ ఉంది. ఈ రెండవ భాగాన్ని పరీక్షల్లో ఎవరూ అడగరు. ఒక చేత్తో విశాలమైన హక్కును, ఇంకో చేత్తో దాదాపు అసాధ్యమైన రుజువును ఇచ్చిన ఆ తీర్పు, భారతీయ వివక్ష న్యాయపు 50 ఏళ్ల స్వభావాన్ని ముందే చెప్పింది.

యాజమాన్యపు సంజాయిషీని పరీక్షించకుండా వదిలేస్తే ఏమవుతుందో 1981 నాటి నర్గేష్ మీర్జా తీర్పు చూపిస్తుంది. విమాన పరిచారికలు 35వ ఏట, లేదా చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే, లేదా మొదటిసారి గర్భం ధరించగానే ఉద్యోగం వదలాలన్న నిబంధనల్లో గర్భధారణ నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసింది. నాలుగేళ్ల పెళ్లి నిషేధాన్ని మాత్రం ఆరోగ్యానికి, కుటుంబ నియంత్రణకు మేలన్న వాదనతో నిలబెట్టింది. మగ సిబ్బందికి ఆ మేలు ఎందుకు అక్కర్లేదో, పెళ్లైన పరిచారికలు పనిలో ఏం వెనకబడ్డారో చూపే ఒక్క అంకెనూ ఎవరూ అడగలేదు. మగవారిది వేరే కేడరు అన్నది పోలికనే అసాధ్యం చేసింది. దీనికి పదేళ్లు ముందే అమెరికా అప్పీలు కోర్టు, విమానంలో ప్రయాణికులను ఊరడించడానికి ఆడవాళ్లే తగినవారన్న పాన్ అమెరికన్ కంపెనీ వాదనను, ఎరిక్ బెర్న్ వంటి పేరున్న మనోవైద్యుడి సాక్ష్యం తోడున్నా, సురక్షిత రవాణా అనే అసలు పనికి అది అవసరం కాదని తిరస్కరించింది.

భారతీయ తీర్పుల్లో రుజువు దృష్టితో చదవదగినది 1987 నాటి మెకినాన్ మెకెంజీ కేసు. ముంబయిలోని ఆ కంపెనీ అధికారుల దగ్గర పనిచేసే మహిళా స్టెనోగ్రాఫర్లకు మగ స్టెనోగ్రాఫర్ల కన్నా తక్కువ జీతం ఇచ్చి, వారిది ఆంతరంగిక హోదా అని, కార్మిక సంఘంతో ఒప్పందం కూడా ఉందని వాదించింది. 1976 సమాన వేతన చట్టం కింద పోల్చవలసినది హోదాల పేర్లను కాక వాస్తవంగా చేస్తున్న పనులను అని, ఆర్థిక స్థోమత లేదన్న సాకు చెల్లదని న్యాయమూర్తి ఇ.ఎస్. వెంకటరామయ్య తీర్పు రాశారు. పోల్చదగిన ఉద్యోగి అన్న భావనను భారత న్యాయస్థానం ఇంత సూటిగా వాడిన సందర్భాలు తక్కువ.

పరోక్ష వివక్షను సుప్రీంకోర్టు పేరు పెట్టి అంగీకరించడానికి 2021 మార్చి దాకా ఆగవలసి వచ్చింది. లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో వాదులు సైన్యంలో షార్ట్ సర్వీస్ మహిళా అధికారులు. అంతకు ముందు ఏడాది బబితా పునియా తీర్పు ఫలితంగా వారిని శాశ్వత కమిషన్‌కు పరిశీలించిన సైన్యం, మగ అధికారులకు వాడిన కొలతలనే వాడింది. పాతికేళ్ల వయసు దాటగానే మగవారు ఎదుర్కొన్న వైద్య ప్రమాణాన్ని నలభై దాటిన మహిళలకు వర్తింపజేసింది. శాశ్వత కమిషన్‌కు అవకాశమే లేని రోజుల్లో, ఎలాగూ దేనికీ పనికిరావన్న ధోరణిలో పై అధికారులు రాసిన వార్షిక రహస్య నివేదికలను అర్హతకు ఆధారం చేసింది. న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ఆ తీర్పులో గ్రిగ్స్‌ను చర్చించి, 2020లో కెనడా సుప్రీంకోర్టు ఫ్రేజర్ కేసులో వాడిన రెండంచెల పరీక్షను స్వీకరించారు: నిబంధన ఒక వర్గం మీద అసమానంగా పడుతోందా, పడుతుంటే అది ఉన్న వెనుకబాటును పెంచుతోందా. ఉద్దేశం నిరూపించనక్కర్లేదన్నది దీని సారం. రాయప్ప మోపిన బరువును ఇది ఒక దారిలోనైనా తప్పించింది.

అయితే నితీషా గెలుపులో గమనించవలసిన సంగతి ఒకటుంది: యజమాని ప్రభుత్వం. ప్రభుత్వ ఫైళ్లను న్యాయస్థానం రప్పించగలదు, సమాచార హక్కు చట్టం కింద పౌరుడు అడగగలడు, రహస్య నివేదికలోని ప్రతి గ్రేడునూ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసు నిర్ణయించింది. ప్రైవేటు యజమాని విషయంలో వీటిలో ఏదీ లేదు, 16వ అధికరణా వర్తించదు. లింగ వివక్షకు వేతనాల కోడ్, వికలాంగులకు 2016 చట్టం, హెచ్‌ఐవీ ఉన్నవారికి 2017 చట్టం తలా ఒక మూల కాపు కాస్తాయి. కులం, మతం కారణంగా ప్రైవేటు కంపెనీ దరఖాస్తును చెత్తబుట్టలో వేస్తే దానికి ప్రత్యేకమైన సివిల్ పరిష్కారం లేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు 2005 అక్టోబరు నుంచి 66 వారాలు 548 ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి 4,808 దరఖాస్తులు పంపి చూశారు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చే అవకాశపు నిష్పత్తి అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు ఉంది. హేజెల్‌వుడ్ ప్రశ్నకు ఇంతకన్నా శుభ్రమైన జవాబు దొరకదు, ఎందుకంటే ఇక్కడ పోల్చినది జనాభాలను కాదు, అచ్చంగా ఒకే కాగితాన్ని. అయినా ఈ ఫలితాన్ని పట్టుకొని వెళ్లడానికి న్యాయస్థానమే లేదు.

బోధనలోనూ ఇదే చీలిక కనిపిస్తుంది. న్యాయకళాశాలల్లో 16వ అధికరణ రాజ్యాంగ పత్రంలో, సమాన వేతనం కార్మిక చట్టాల పత్రంలో, రుజువు భారం సాక్ష్య చట్టం పత్రంలో వేరువేరు సెమిస్టర్లలో వస్తాయి. మూడింటినీ ఒకే ఉద్యోగి ఒకే రోజున ఎదుర్కొంటాడన్న సంగతి ఏ పత్రంలోనూ రాదు. ఒక పక్షానికి మాత్రమే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని రుజువు చేసే భారం ఆ పక్షానిదేనని 1872 సాక్ష్య చట్టంలోని 106వ సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 109వ సెక్షన్‌లోనూ అదే ఉంది. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని బయటపెట్టని పక్షానికి అది వ్యతిరేకమై ఉంటుందని ఊహించవచ్చునన్న సూత్రమూ ఉంది. మెక్‌డొనెల్ డగ్లస్ తర్కానికి కావలసిన ముడిసరుకంతా భారత చట్టంలో 150 ఏళ్లుగా సిద్ధంగా ఉన్నా, హత్య కేసుల్లో వాడినంతగా ఉద్యోగ కేసుల్లో దాన్ని వాడే అలవాటు రాలేదు.

సమగ్రమైన వివక్ష నిషేధ చట్టం కోసం లోక్‌సభలో శశి థరూర్ ప్రైవేటు సభ్యుడిగా 2016 సంఖ్యతో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. మళ్లీ అటువంటి ప్రయత్నం జరిగితే, నిషిద్ధ కారణాల జాబితా ఎంత పొడుగున్నదన్న చర్చ కన్నా రికార్డుల నిబంధన మీద చర్చ ముఖ్యమవుతుంది. అమెరికాలో సమాన ఉద్యోగావకాశాల కమిషన్ నిబంధనల ప్రకారం యజమాని తిరస్కరించిన దరఖాస్తులతో సహా నియామక పత్రాలను కనీసం ఒక ఏడాది, ఫిర్యాదు దాఖలైతే అది తేలేదాకా, భద్రపరచాలి. నశింపజేస్తే న్యాయస్థానం దాన్ని అతడికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. భారత కార్మిక చట్టాలు కోరే రిజిస్టర్లు, మస్టర్ రోల్ నుంచి సమాన వేతన నియమాల కింద స్త్రీ పురుష ఉద్యోగుల సంఖ్యను, జీతాలను నమోదు చేసిన ‘డి’ ఫారం దాకా, ఉద్యోగం దొరికినవారి లెక్కలే అడిగాయి. దరఖాస్తు పెట్టి తిరస్కరణ పొందినవారి వివరాలను కూడా రాయించే ఒక ఫారం, దాన్ని తనిఖీ చేసే అధికారం కార్మిక శాఖకు ఉండటం, ఆ వివరాలను అడిగే హక్కు దరఖాస్తుదారుకు ఉండటం అనే మూడు నిబంధనలకు పెద్ద ఖర్చు అవసరం లేదు, రాజ్యాంగ సవరణ అంతకన్నా అవసరం లేదు.